వలస గతం పంచుకున్న దేశాల కూటములు: ప్రాజెక్టుకు దేన్ని ఎంచుకోవాలి?

తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో గానీ, పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలో గానీ, చిత్తూరు, పలమనేరు, శ్రీకాళహస్తి వైపు డిగ్రీ కళాశాలల్లో గానీ రాజనీతి శాస్త్రమో చరిత్రో చదువుతూ అంతర్జాతీయ సంబంధాల మీద ప్రాజెక్టు రాయబూనిన విద్యార్థికి, అలాగే గ్రూప్‌-1, సివిల్స్‌ పరీక్షల కోసం ఏదో ఒక కూటమిని క్షుణ్ణంగా చదవదలచిన అభ్యర్థికి ఎదురయ్యే మొదటి చిక్కు అంశం ఎంపికే. ఒకప్పుడు ఒకే సామ్రాజ్యం కింద నలిగి, స్వతంత్రమైన తరువాత మళ్లీ ఒకచోట కూర్చున్న దేశాల కూటములు ఇప్పుడు అరడజనుకు తక్కువ లేవు. బ్రిటిష్‌ పాలన నుంచి పుట్టిన కామన్‌వెల్త్‌, ఫ్రెంచి భాష పేరుతో నడిచే ఫ్రాంకోఫోనీ, పోర్చుగీసు భాషా దేశాల సముదాయం, కరీబియన్‌ దీవుల కారికామ్‌, వలసపాలనను ఎదిరించిన దేశాలు కట్టుకున్న అలీనోద్యమం, మన ఇరుగుపొరుగు దేశాల సార్క్‌ వీటిలో ముఖ్యమైనవి. ఏడాదిపాటు ఒకదానితోనే గడపవలసి ఉంటుంది కనుక, ముందుగా వీటిని పక్కపక్కన పెట్టి చూసుకోవడం మంచిది.

చాలామంది సభ్యదేశాల సంఖ్య, జనాభా, భూభాగం చూసి పెద్ద కూటమిని ఎంచుకుంటారు. ఆ లెక్కలు ఏ గైడు తిరగేసినా దొరుకుతాయి. వాటి ఆధారంగా కట్టిన ప్రాజెక్టు వైవా పరీక్షలో రెండు ప్రశ్నలకు మించి నిలబడదు. నా అభిప్రాయంలో అడగవలసిన ప్రశ్న వేరు. ఈ కూటమి నుంచి ఎవరు వెళ్లిపోయారు, ఎందుకు వెళ్లిపోయారు, వెళ్లినవారిలో ఎవరు తిరిగి వచ్చారు? పాత పాలకుడితో కలిసి కూర్చోవడం ఒక చిన్న దేశానికి గౌరవంగా ఉందో భారంగా ఉందో చేరిన రోజు ప్రసంగాల్లో తెలియదు. సభ్యత్వం రద్దు చేసిన నాటి తీర్మానంలో, మళ్లీ చేర్చుకోమని పెట్టుకున్న దరఖాస్తులో తెలుస్తుంది. దీనికి తోడు రెండు ఆచరణ సంబంధమైన విషయాలు చూసుకోవాలి. ఆధార పత్రాలు మనం చదవగలిగిన భాషలో ఉన్నాయా, మన జిల్లాకు ఆ కూటమితో నిజమైన సంబంధం ఏదైనా ఉందా అన్నవి ఆ రెండు. స్థానిక ఆధారం చేతిలో ఉన్న విద్యార్థి ఎక్కడివో పుస్తకాలను తిరగరాసే అవసరం లేకుండా తన మాట తాను చెప్పగలుగుతాడు. అందుకే ఆ చివరి విషయాన్ని నేను చాలా గట్టిగా పట్టించుకుంటాను.

కామన్‌వెల్త్‌

ప్రస్తుతం 56 దేశాలున్న కామన్‌వెల్త్‌ను బ్రిటిష్‌ సామ్రాజ్యానికి మిగిలిన తోకగా భావించి తోసిపుచ్చేవారు మన దగ్గర ఎక్కువ. కానీ అది ఇప్పటి రూపంలో ఉండడానికి ప్రధాన కారణం భారతదేశమే. 1926 బాల్‌ఫర్‌ ప్రకటన, 1931 వెస్ట్‌మినిస్టర్‌ శాసనం కెనడా, ఆస్ట్రేలియా వంటి డొమినియన్లకు (సామ్రాజ్యంలోనే స్వపరిపాలన ఉన్న దేశాలకు) బ్రిటన్‌తో సమాన హోదా ఇచ్చినా, రాజుకు విధేయత అనే షరతు మాత్రం అలాగే ఉండిపోయింది. గణతంత్రం కావాలని నిశ్చయించుకున్న భారత్‌ ఆ షరతును అంగీకరించే ప్రశ్నే లేదు. అలాగని పూర్తిగా తెంచుకుని పోవడానికీ నెహ్రూ ఇష్టపడలేదు. 1949 ఏప్రిల్‌ నాటి లండన్‌ ప్రకటన ఈ ముడిని విప్పింది. గణతంత్రమైన తరువాత కూడా భారత్‌ పూర్తి సభ్యదేశంగా కొనసాగుతుందనీ, రాజును స్వతంత్ర దేశాల స్వచ్ఛంద కలయికకు చిహ్నంగా, ఆ మేరకే కామన్‌వెల్త్‌ అధిపతిగా గుర్తిస్తుందనీ అందులో రాసుకున్నారు. ఆ తరువాత స్వాతంత్ర్యం పొందిన ఆసియా, ఆఫ్రికా గణతంత్రాలన్నింటికీ చోటు దొరికింది ఆ వాక్యం వల్లనే. ఇప్పుడు సభ్యదేశాల్లో ఎక్కువ భాగం గణతంత్రాలే. 2021 నవంబరు 30న బార్బడోస్‌ బ్రిటన్‌ రాణిని దేశాధినేత స్థానం నుంచి తప్పించి కూడా కామన్‌వెల్త్‌లో నిశ్చింతగా కొనసాగిందంటే అది ఆనాటి ఏర్పాటు పుణ్యమే.

ఆ ప్రకటన ఆమోదం కోసం 1949 మే 16, 17 తేదీల్లో రాజ్యాంగ సభలో జరిగిన చర్చను మొట్టమొదటి ఆధారంగా తీసుకోమని నా సలహా. స్వాతంత్ర్యం వచ్చి రెండేళ్లయినా నిండని రోజుల్లో, జైళ్ల నుంచి వచ్చిన మనుషులు పాత పాలకుడితో సంబంధం ఎంతవరకు ఉంచుకోవాలో అక్కడ నిలబడి వాదించుకున్నారు. అది అవమానమని కొందరు గట్టిగానే అన్నారు. ఎప్పుడైనా వదులుకోగలిగిన బంధంలో అవమానం లేదని నెహ్రూ పక్షం వాదించింది. తిరుచానూరులో పుట్టిన మాడభూషి అనంతశయనం అయ్యంగారు ఆ రాజ్యాంగ సభ సభ్యులు. ఆయన ఆ తరువాత తిరుపతి నుంచి, చిత్తూరు నుంచి లోక్‌సభకు ఎన్నికై, 1956 నుంచి 1962 దాకా స్పీకరుగా పనిచేశారు. మన ప్రాంతపు ప్రతినిధి సభ్యుడిగా ఉన్న సభ తీసుకున్న నిర్ణయాన్ని మన ప్రాంతపు విద్యార్థి చదవకపోవడం నాకు బాధ కలిగించే విషయం. సభా చర్చల ప్రతులు గ్రంథాలయాల్లోనూ అంతర్జాలంలోనూ పూర్తిగా దొరుకుతున్నాయి.

ఇక నా కొలబద్ద ప్రకారం చూస్తే, రాకపోకల చరిత్ర ఇంత వివరంగా దొరికే కూటమి మరొకటి లేదు. ఐర్లాండ్‌ 1949లో వెళ్లిపోయి మళ్లీ రాలేదు. జాత్యహంకార విధానాన్ని వదులుకోలేక దక్షిణాఫ్రికా 1961లో బయటపడి, మండేలా ప్రభుత్వం వచ్చాక 1994లో తిరిగి చేరింది. బంగ్లాదేశ్‌ను గుర్తించారన్న కోపంతో 1972లో వెళ్లిన పాకిస్తాన్‌ 1989లో వచ్చింది. సైనిక పాలన, అత్యవసర పరిస్థితి కారణంగా 1999లోనూ 2007లోనూ సస్పెండయింది. ఇది నయా వలసవాద సంస్థ అని నిందించి 2013లో వెళ్లిపోయిన గాంబియా, అధ్యక్షుడు మారగానే 2018లో తిరిగి వచ్చింది. మాల్దీవులు 2016లో వెళ్లి 2020లో వచ్చాయి. జింబాబ్వే 2003లో తెంచుకుని, 2018లో మళ్లీ చేర్చుకోమని దరఖాస్తు చేసుకుంది. మరోవైపు బ్రిటిష్‌ పాలనతో సంబంధమే లేని మొజాంబిక్‌ 1995లో, రువాండా 2009లో, గాబన్‌, టోగో 2022లో కోరి చేరాయి. వీటి వెనక ఏమీ ప్రయోజనం లేదనుకుంటే ఈ రాకపోకలకు అర్థం చెప్పలేము. ఆ ప్రయోజనం ఎక్కువగా చిన్న దేశాలది. 56 మందిలో 33 చిన్న దేశాలే. ఐక్యరాజ్య సమితి కార్యాలయాలున్న న్యూయార్క్‌లోనూ జెనీవాలోనూ సొంతంగా నిపుణులను పెట్టుకోలేని దీవులకు కామన్‌వెల్త్‌ సచివాలయం సలహాదారుగా నిలుస్తుంది.

సస్పెన్షన్ల వ్యవస్థ ఎలా బలపడిందో కూడా పత్రాల ద్వారానే తేల్చవచ్చు. 1991 హరారే ప్రకటనలో ప్రజాస్వామ్య విలువలను రాసుకున్నారు. 1995 శిఖరాగ్ర సమావేశంలో, వాటిని ఉల్లంఘించినవారి సంగతి చూడడానికి మంత్రుల కార్యాచరణ బృందాన్ని ఏర్పరిచారు. రచయిత, పర్యావరణ ఉద్యమకారుడు కెన్‌ సారో-వివాను ఉరితీసిన నైజీరియా సైనిక ప్రభుత్వాన్ని సస్పెండ్‌ చేసింది ఆ సమావేశ సమయంలోనే.

లోపాలు లేవని చెప్పను. కామన్‌వెల్త్‌ వాణిజ్య కూటమి కాదు. మన చిత్తూరు తోతాపురి గుజ్జు బ్రిటన్‌కో ఆస్ట్రేలియాకో వెళ్లేటప్పుడు పడే సుంకాన్ని అది నిర్ణయించదు. ఆ సంగతి 2025 జులైలో సంతకాలైన భారత్‌-బ్రిటన్‌ ఒప్పందం వంటి ద్వైపాక్షిక ఒప్పందాలు చూసుకుంటాయి. సభ్యదేశాల మధ్య తగవు తీర్చే శక్తి కూడా దానికి లేదు. 1965లో బ్రిటన్‌ మారిషస్‌ నుంచి విడదీసిన చాగోస్‌ దీవుల వివాదం ఇద్దరు కామన్‌వెల్త్‌ సభ్యుల మధ్యదే అయినా, మారిషస్‌ న్యాయం కోసం ఐక్యరాజ్య సమితినీ అంతర్జాతీయ న్యాయస్థానాన్నీ ఆశ్రయించవలసి వచ్చింది. 2019 ఫిబ్రవరిలో ఆ న్యాయస్థానం మారిషస్‌ పక్షాన సలహాపూర్వక అభిప్రాయం ఇచ్చింది. 2025 మేలో రెండు దేశాలూ ఒప్పందం మీద సంతకాలు చేశాయి. కామన్‌వెల్త్‌ అక్కడ చేయగలిగిందేమిటి, చేయలేకపోయిందేమిటి అన్నది ఒక పూర్తి ప్రాజెక్టుకు సరిపోయే ప్రశ్న.

భారత్‌ ఆసక్తి తగ్గుతోందా అన్నది మరొక ప్రశ్న. 2018లో లండన్‌ సమావేశానికి స్వయంగా వెళ్లిన ప్రధాని, 2024 అక్టోబరులో సమోవా రాజధాని అపియాలో సమావేశం జరిగినప్పుడు అదే వారంలో కజాన్‌లో ఉన్న బ్రిక్స్‌ సమావేశానికి వెళ్లారు. అపియాకు కేంద్ర మంత్రి కిరెన్‌ రిజిజు వెళ్లారు. సభ్యదేశాల మొత్తం జనాభాలో సగానికి పైగా మనదే అయినప్పుడు, ఈ సంస్థ భవిష్యత్తును లండన్‌ కంటే ఢిల్లీ ఎక్కువగా నిర్ణయించగలదని నేను నమ్ముతాను.

నార్త్‌ ఆర్కాట్‌ నుంచి ఓడలెక్కినవారు

కామన్‌వెల్త్‌ను ఎంచుకున్న మన విద్యార్థికి దానిలోకి వెళ్లడానికి సొంత దారి ఒకటి ఉంది. 1834లో మారిషస్‌కు, 1860లో దక్షిణాఫ్రికాలోని నటాల్‌కు, 1879లో ఫిజీకి ఒప్పంద కూలీలను మోసుకుపోవడం మొదలైంది. నటాల్‌కు వెళ్లిన మొదటి ఓడ ట్రూరో బయలుదేరింది మద్రాసు నుంచే. ఫిజీకి మద్రాసు రేవు నుంచి ఓడలు 1903లో మొదలయ్యాయి. అప్పటికి చిత్తూరు జిల్లా లేదు. 1911లో జిల్లా ఏర్పడేదాకా చిత్తూరు, చంద్రగిరి, పలమనేరు తాలూకాలు నార్త్‌ ఆర్కాట్‌లోనే ఉండేవి. మద్రాసు రాష్ట్రం నుంచి కూలీలు ఎక్కువగా వెళ్లిన జిల్లాల్లో నార్త్‌ ఆర్కాట్‌ ఒకటి.

ఆ కూలీల పాసులనూ ఓడ జాబితాలనూ దగ్గరగా చూడాలి. పేరు, తండ్రి పేరు, వయసు, కులం, ఎత్తు, జిల్లా, ఠాణా, ఊరు, చివరగా ఒంటి మీద గుర్తులు అని వరుసగా గడులు ఉంటాయి. జిల్లా గడిలో నార్త్‌ ఆర్కాట్‌ అని ఉంటుంది. ఊరి పేరు గుమాస్తా చెవికి ఎలా వినబడితే అలా ఇంగ్లీషులో రాసి ఉంటుంది కాబట్టి, మన ఊళ్ల పేర్లు తెలిసినవాడు తప్ప మరొకడు దాన్ని సరిగా పోల్చుకోలేడు. గుర్తుల గడిలో నుదుటి మీద మచ్చ, మోకాలి మీద గాయం వంటివి నమోదు చేసేవారు. మనిషి తప్పిపోతే పట్టుకోవడానికి పనికొచ్చే ఆ వివరాలే ఇవాళ మునిమనవళ్లు తమ ఊరు వెతుక్కోవడానికి మిగిలిన ఏకైక ఆధారం. మారిషస్‌ పత్రాలు మోకాలోని మహాత్మా గాంధీ సంస్థలో, నటాల్‌ జాబితాలు డర్బన్‌లోని విశ్వవిద్యాలయ ప్రలేఖన కేంద్రంలో భద్రంగా ఉన్నాయి. మద్రాసు ప్రభుత్వ పత్రాలు చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. తిరుపతి నుంచి పొద్దున రైలెక్కితే మధ్యాహ్నానికి పని మొదలుపెట్టవచ్చు.

ఆ ఓడలెక్కినవారి వారసుల చరిత్ర, కామన్‌వెల్త్‌ చరిత్ర ఫిజీలో ఒకటైపోతాయి. భారత సంతతివారికి మంత్రివర్గంలో గణనీయమైన స్థానం ఇచ్చిన ప్రభుత్వాన్ని 1987 మేలో సైనికాధికారి రబుకా తిరుగుబాటుతో కూలదోశాడు. అదే ఏడు అక్టోబరులో ఫిజీ సభ్యత్వం రద్దయిపోయింది. భారత్‌ వాణిజ్య ఆంక్షలు విధించింది, 1990లో ఫిజీ మన రాయబార కార్యాలయాన్ని మూయించింది. కొత్త రాజ్యాంగం రాసుకున్నాక 1997లో తిరిగి చేర్చుకున్నారు. 1999 ఎన్నికల్లో మహేంద్ర చౌదరి భారత సంతతి నుంచి తొలి ప్రధాని అయ్యారు. ఏడాదికే, 2000 మేలో, ఆయనను పార్లమెంటులోనే బందీగా పట్టుకున్నారు. మళ్లీ సస్పెన్షన్‌. 2006లో మరో తిరుగుబాటు, 2009లో పూర్తి సస్పెన్షన్‌, 2014 ఎన్నికల తరువాత పునఃప్రవేశం. ఒకే చిన్న దేశం విషయంలో ఇన్నిసార్లు తలుపు మూసి తెరిచిన కూటమి ఆ దేశాన్ని నిజంగా మార్చిందా, మారేదాకా వేచి చూసిందా? ఈ ప్రశ్నకు జవాబు వెతకడమే నేను సూచించే అన్నింటిలోకి మంచి ప్రాజెక్టు.

మారిషస్‌ను తీసుకుంటే మరో వెసులుబాటు ఉంది. అది కామన్‌వెల్త్‌లోనూ ఫ్రాంకోఫోనీలోనూ సభ్యదేశం కాబట్టి రెండు కూటములనూ ఒకే దేశం కళ్లతో పోల్చవచ్చు. అక్కడ ఉగాది ప్రభుత్వ సెలవు. మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు 1990లో ఆ దేశంలోనే జరిగాయి, నాలుగవవి 2012 డిసెంబరులో మన తిరుపతిలో జరిగాయి.

కారికామ్‌, న్యాయవిద్యార్థులు

కరీబియన్‌ దేశాలు 1973లో చాగ్వరామస్‌ ఒడంబడికతో కట్టుకున్న కారికామ్‌ను మన దగ్గర పట్టించుకునేవారు అరుదు. వలస గతం గురించి ఈరోజు అన్నింటికన్నా సూటిగా మాట్లాడుతున్నది మాత్రం ఆ చిన్న దీవులే. 2013లో పరిహార సంఘాన్ని ఏర్పరచుకుని, 2014లో పది అంశాల ప్రణాళికను ఆమోదించాయి. క్షమాపణ, ప్రజారోగ్యం, విద్య, అప్పుల రద్దు అందులో ఉన్నాయి. వారి వాదానికి బలమైన ఆధారం బ్రిటన్‌ ఖాతా పుస్తకాల్లోనే ఉంది. 1833లో బానిసత్వాన్ని రద్దు చేసినప్పుడు బ్రిటిష్‌ ప్రభుత్వం 2 కోట్ల పౌన్లు పరిహారంగా చెల్లించింది. ఆ సొమ్ము యజమానులకు పోయింది, బానిసలకు ఒక్క పెన్నీ దక్కలేదు. ఆ చెల్లింపు కోసం చేసిన అప్పు తాలూకు బాండ్లు పూర్తిగా తీరింది 2015లో. బానిసల స్థానంలో చెరకు తోటలకు మనుషులు కావలసి వచ్చినప్పుడే మన జిల్లాల నుంచి ఓడలు కదిలాయి కనుక, ఈ రెండు చరిత్రలనూ విడదీయడం కుదరదు. 2024 అపియా ప్రకటనలో పరిహార న్యాయం మీద చర్చకు సమయం వచ్చిందన్న మాట చేరడం కరీబియన్‌ దేశాల పట్టుదల ఫలితం. ఒప్పంద కూలీల వారసులకు ఆ చర్చలో ఏ స్థానం ఉండాలన్న ప్రశ్న మీద రాయవలసింది చాలా ఉంది.

న్యాయశాస్త్రం చదివేవారికి ఇక్కడ మరో ఆకర్షణ ఉంది. 2005లో పోర్ట్‌ ఆఫ్‌ స్పెయిన్‌లో కరీబియన్‌ న్యాయస్థానం ప్రారంభమైనా, జమైకా, ట్రినిడాడ్‌ వంటి దేశాల చివరి అప్పీళ్లు ఇప్పటికీ లండన్‌లోని ప్రివీ కౌన్సిల్‌కే వెళుతున్నాయి. మనకు ఆ ప్రివీ కౌన్సిల్‌ కొత్తది కాదు. హథీరాంజీ మఠం మహంతులు 1843 నుంచి 1933 దాకా తిరుమల ఆలయ నిర్వహణ చూసిన కాలంలో, ఆ నిర్వహణకు ఎలాంటి పథకం ఉండాలన్న వ్యాజ్యం మద్రాసు హైకోర్టు దాటి వెళ్లి 1907లో ప్రివీ కౌన్సిల్‌ తీర్పుతో ముగిసింది. ఏడుకొండలవాడి హుండీ లెక్కల వ్యవహారం సముద్రాలవతల ఉన్న న్యాయమూర్తులు తేల్చారంటే, వలస న్యాయవ్యవస్థ ఎంత లోతుకు చొచ్చుకుపోయిందో అర్థమవుతుంది. భారత్‌ ఆ అప్పీళ్లను 1949లోనే రద్దు చేసింది. జమైకా ఎందుకు ఇంకా చేయలేకపోతోందన్నది పోల్చి రాయదగిన అంశం.

ఫ్రాంకోఫోనీ, పోర్చుగీసు సముదాయం

ఫ్రాంకోఫోనీ 1970 మార్చి 20న నైజర్‌ రాజధాని నియామేలో పుట్టింది. దాన్ని కోరుకున్నది ఫ్రాన్స్‌ కాదు. సెనెగల్‌ అధ్యక్షుడు సెంఘోర్‌, ట్యునీసియా అధ్యక్షుడు బుర్గీబా, నైజర్‌ అధ్యక్షుడు హమానీ దియోరీ, కంబోడియా నేత సిహనూక్‌. అదే నైజర్‌ 2025 మార్చిలో ఈ సంస్థ నుంచి వైదొలగింది. ఆ వెంటనే బుర్కినా ఫాసో, మాలి కూడా తప్పుకున్నాయి. తమ సైనిక ప్రభుత్వాలను సస్పెండ్‌ చేయడంలో ఈ సంస్థ పక్షపాతం చూపిందన్నది ఆ దేశాల ఆరోపణ. అంతకుముందే అవి ఫ్రెంచి సైన్యాన్ని పంపించివేశాయి, పశ్చిమాఫ్రికా ఆర్థిక కూటమి నుంచి బయటపడ్డాయి. 1958లో తక్షణ స్వాతంత్ర్యం కోరిన గినీ నుంచి ఫ్రాన్స్‌ తన అధికారులను, సామగ్రిని ఒక్కసారిగా వెనక్కి తీసుకుపోయిన తీరు, 1945లో మొదలై ఇప్పటికీ 14 దేశాల్లో నడుస్తున్న సీఎఫ్‌ఏ ఫ్రాంకు అనే కరెన్సీ కథ తెలియకుండా ఈ కోపం అర్థం కాదు. బ్రిటన్‌ కూటమి కన్నా ఇక్కడ పాత పాలకుడి డబ్బు, సైన్యం, ద్రవ్యం చాలా దగ్గరగా కనబడతాయి. అల్జీరియా ఇప్పటిదాకా ఇందులో చేరనే లేదు.

వర్తమాన రాజకీయాల దృష్ట్యా ఇప్పుడు అన్నింటికంటే ఉద్రిక్తంగా ఉన్న అంశం ఇదే. అయినా ఫ్రెంచి చదవలేని విద్యార్థికి దీన్ని సూచించలేను. ముఖ్యమైన పత్రాలు, ఆఫ్రికా పత్రికలు ఫ్రెంచిలోనే ఉంటాయి. అనువాదాల మీద ఆధారపడితే పారిస్‌ దృష్టో లండన్‌ దృష్టో తప్ప మాలి రాజధాని బమాకో దృష్టి దొరకదు. పుదుచ్చేరికి వెళ్లి రెండేళ్లు భాష నేర్చుకునే ఓపిక ఉన్నవారు నిస్సంకోచంగా తీసుకోవచ్చు. అలాంటివారు రువాండాను పట్టుకోవాలి. ఆ దేశం 2009లో కామన్‌వెల్త్‌లో చేరింది, అయినా 2018లో దాని విదేశాంగ మంత్రి లూయిజ్‌ ముషికివాబో ఫ్రాంకోఫోనీ ప్రధాన కార్యదర్శిగా ఎన్నికయ్యారు.

పోర్చుగీసు భాషా దేశాల సముదాయం 1996లో లిస్బన్‌లో ఏర్పడింది. తొమ్మిది సభ్యదేశాలు, పాత పాలకుడైన పోర్చుగల్‌ కన్నా పాత వలస బ్రెజిల్‌ ఎన్నో రెట్లు పెద్దది కావడం దీని ప్రత్యేకత. గోవా కారణంగా భారత్‌ 2021లో అనుబంధ పరిశీలక దేశంగా చేరింది. గోవా విద్యార్థికి మంచి అంశమే గానీ, మన దగ్గర నుంచి చేయడానికి ఆధారాలు చాలవు.

అలీనోద్యమమా, సార్కా?

ఈ రెండూ కారికామ్‌లాగే పాత పాలకులు లేకుండా కూర్చున్న కూటములు. 1955 ఏప్రిల్‌లో బాండుంగ్‌లో 29 దేశాలు కలవడం, 1961లో బెల్‌గ్రేడ్‌ సమావేశం, 1983లో న్యూఢిల్లీ సమావేశం మన పాఠ్యపుస్తకాల్లో ఉన్నవే. ఇప్పుడు 120కి పైగా సభ్యదేశాలున్నా అలీనోద్యమానికి శాశ్వత సచివాలయం గానీ, నిబంధనావళి గానీ లేవు. అందువల్ల సస్పెన్షన్‌ తీర్మానాలు, దరఖాస్తులు, వాటి మీద నివేదికలు దొరికే వీలు తక్కువ. చరిత్ర విద్యార్థి నెహ్రూ కాలం దాకా పరిమితమై రాస్తే అందమైన ప్రాజెక్టు అవుతుంది. వర్తమానం మీద రాయదలచినవారికి ప్రకటనలు తప్ప ఏమీ చేతికి రావు.

సార్క్‌ సంగతి వేరు. 1985 డిసెంబరు 8న ఢాకాలో ఏర్పడిన ఈ కూటమి నిబంధనావళిలోనే దాని కష్టం రాసి ఉంది. అన్ని నిర్ణయాలూ ఏకగ్రీవంగా జరగాలి, ద్వైపాక్షిక వివాదాలను చర్చకు తేకూడదు. దేశ విభజనతో విడిపోయిన ఇద్దరు పెద్ద సభ్యుల మధ్య తగవునే చర్చించలేని సంస్థ, ఆ తగవు ముదిరినప్పుడు ఆగిపోవడంలో ఆశ్చర్యం లేదు. 2014 నవంబరులో కాఠ్మండూలో జరిగిందే చివరి శిఖరాగ్ర సమావేశం. 2016లో ఇస్లామాబాద్‌లో జరగవలసినది ఉరీ దాడి తరువాత ఆగిపోయింది. ఎవరూ వెళ్లిపోలేదు, ఎవరూ రావడమూ లేదు. నా కొలబద్దకు లొంగని కూటమి ఇదొక్కటే. ఆ కారణంగానే ఆసక్తికరమైనది.

దీనికీ మన జిల్లాలోనే ఆధారం ఉంది. సార్క్‌ దేశాలన్నింటికీ ఉపయోగపడే ఉపగ్రహాన్ని భారత్‌ తయారు చేస్తుందని ప్రధాని 2014లో ప్రకటించారు. పాకిస్తాన్‌ తప్పుకోవడంతో సార్క్‌ ఉపగ్రహం కాస్తా దక్షిణాసియా ఉపగ్రహమైంది. 2017 మే 5న జీశాట్‌-9 పేరుతో, ఇప్పుడు తిరుపతి జిల్లాలో భాగమైన శ్రీహరికోట నుంచి నింగికెగిరింది. ఆ రోజు పొరుగు దేశాధినేతలు వీడియో ద్వారా కలిసి మాట్లాడారు. సమావేశం జరపలేని కూటమిలోని దేశాలు ఒక ఉపగ్రహాన్ని ఎలా పంచుకోగలిగాయన్నది నాకు చాలా ముఖ్యమైన ప్రశ్నగా తోస్తుంది. పాకిస్తాన్‌ లేని, బంగాళాఖాతం చుట్టూ ఉన్న దేశాల కూటమి బిమ్‌స్టెక్‌కు 2014లో ఢాకాలో సచివాలయం, 2022లో నిబంధనావళి, 2025 ఏప్రిల్‌లో బ్యాంకాక్‌ శిఖరాగ్ర సమావేశం వచ్చాయి కనుక, రెండింటినీ పోల్చి రాయడానికి సమాచారం సమృద్ధిగా ఉంది.

ఎవరు దేన్ని తీసుకోవాలి?

ఎం.ఏ. రాజనీతి శాస్త్రం ప్రాజెక్టుకైతే కామన్‌వెల్త్‌ను, అందులోనూ ఫిజీనో మారిషస్‌నో తీసుకోమంటాను. పత్రాలన్నీ ఇంగ్లీషులో ఉండడం, రాకపోకల చరిత్ర తేదీలతో సహా దొరకడం, మన ప్రాంతపు ఊళ్ల పేర్లు ఆ కాలపు ఓడ పత్రాల్లో ఉండడం మరే కూటమికీ లేని అనుకూలతలు. పోటీ పరీక్షలకు చదివేవారికి సార్క్‌, బిమ్‌స్టెక్‌ జంటే మేలు, ఎందుకంటే భారత విదేశాంగ విధానం మీద వచ్చే ప్రశ్నలు ఎక్కువగా అక్కడే తిరుగుతాయి. అయితే వారు 1949 లండన్‌ ప్రకటనను కూడా ఒక రోజు కూర్చుని చదవాలి. న్యాయవిద్యార్థులకు కారికామ్‌. చరిత్ర శాఖవారికి ఓడ జాబితాలు.

పై చదువులకు విదేశాలకు వెళ్లే ఉద్దేశం ఉన్నవారు మరో విషయం గమనించాలి. 1959 నుంచి నడుస్తున్న కామన్‌వెల్త్‌ ఉపకార వేతనాలకు అభివృద్ధితో ముడిపడిన పరిశోధనాంశం చేతిలో ఉన్నవారు దరఖాస్తు చేసుకోవచ్చు. దేశం దాటకుండా పొరుగు దేశాల విద్యార్థులతో కలిసి చదవాలనుకుంటే, సార్క్‌ దేశాలు 2010లో న్యూఢిల్లీలో ప్రారంభించిన దక్షిణాసియా విశ్వవిద్యాలయం ఉంది. శిఖరాగ్ర సమావేశాలు ఆగినా అక్కడ తరగతులు ఆగలేదు.

ఏది ఎంచుకున్నా, శీర్షికలో కూటమి పేరు ఒక్కటే పెట్టి బయలుదేరవద్దు. ఒక దేశం, ఒక సంఘటన, ఒక కాలవ్యవధి ఉండాలి. ఫిజీ సస్పెన్షన్ల విషయంలో భారత్‌ వైఖరి 1987 నుంచి 2014 దాకా ఎలా మారింది అన్నది ఒక శీర్షిక కాగలదు. దక్షిణాసియా ఉపగ్రహం నుంచి పాకిస్తాన్‌ ఎందుకు తప్పుకుంది అన్నది మరొకటి. ఎగ్మూరు ఆర్కైవ్స్‌కు వెళ్లదలచినవారు విభాగాధిపతి నుంచి పరిచయ లేఖ ముందే తీసుకుని, చూడవలసిన సంవత్సరాలనూ శాఖలనూ కాగితం మీద రాసుకుని వెళితే మొదటి రోజు వృథా కాదు.